కోమల కొట్టిన జొన్నరొట్టె

అయినా పొగమంచుకు బరువుంటుందా, ఉంటే గోదావరి మీద ఇంతసేపు ఎలా నిలబడుతుంది, కిటికీలోంచి చూస్తే ఏరు లేదు, అవతలి గట్టు లేదు, లక్సెట్టిపేట రోడ్డూ లేదు, ఒట్టి తెలుపు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నా చేతులు కూడా నావి కావు, రెండు ముసలి చేపలు, కావ్య ఒక్కో వేలూ పట్టి మెల్లగా వంచుతున్నది, ఈ వృద్ధాశ్రమంలో మా అందరి కీళ్లూ ఈ పిల్ల చేతిలోనే తెల్లవారుతాయి, జర ముడువు తాతా, ముడిచిన బిడ్డా, ఏడ ముడిచినవ్, మనసుల ముడిచిన, నవ్వింది, నవ్వు ఆగాక మెల్లగా, మల్ల బరువు తగ్గినవ్ తాతా, గిట్లనే తినకుంటే కింది హాల్లకు మారుస్తరు అన్నది, కింది హాలంటే ఇంకొకరు చెంచాతో నోట్లో పెడితే మింగేవాళ్లుండే చోటు, తెలుపు కిటికీ దాటి గదిలోకి వచ్చినట్టయింది.

తప్పు నా నోటిదే, వచ్చిన కొత్తలో వంట చేసే కోమల ఉప్మా పెడితే, మా చెన్నూరులో మా అవ్వ కొట్టే జొన్నరొట్టె ముందర ఇదేం తిండి అన్నాను, అక్కడితో ఆగితే నేను శ్రీధర్‌రావునెలా అవుతాను, ఆ రొట్టె బండిచక్రమంత, ఒక వానకాలం దాన్ని గోదావరి మీద పరిచి ఎడ్లబండి దాటించాం, నడుమ ఎడ్లు ఆగి అంచులు కొరుకుతుంటే మా బాపు చెర్నాకోల తీశాడు అన్నాను, ఎదురుగా కూర్చునే జమాలున్నీసా, మందమర్రిలో గాజుల దుకాణం నడిపిన మనిషి, గవాయి ఎవరు సాబ్, సాక్షి ఉండాలె గద అన్నది, ఎడ్లే ఆపా అన్నాను, అయితే పిలిపించుండ్రి, అని అందరికంటే గట్టిగా నవ్వింది, కోమల మాత్రం నమ్మింది, మర్నాటి నుంచి మా బల్లకంతా రొట్టెలే, మందంగా, వేడిగా, పొద్దుటిపూట నా వేళ్లకు గ్లాసే దొరకదు, రొట్టెనేం తుంపుతాయి, అందుకే ఒక కథ మొదలుపెడతాను, అందరూ నా మూతివైపు చూస్తుంటే రొట్టె కండువాలోకి పోతుంది, తర్వాత కాకులకు, పెరట్లో కాకులు బలిసి ఎగరలేక నడుస్తున్నాయి, ఇది మాత్రం కథ కాదు.

ఇవాళ కోమల కొంగుకు చేతులు తుడుచుకుంటూ నా పక్కనే కూర్చున్నది, నా ముంగట తిను తాతా, ఉప్పు సరిపోయిందో లేదో ఎన్నడు చెప్పవైతివి, రొట్టె మీద ఆవిరి లేస్తున్నది, ఆ ఆవిరిలో మా అవ్వ అరచేతులు, చప్ చప్, పిండి చంద్రుడిలా తిరుగుతూ పెద్దదవుతున్నది, వేలు పెట్టాను, వంగలేదు, ఎవరింటి తలుపో తోస్తున్నట్టు, రొట్టె జారి పళ్లెం అంచుకు పోయింది, కోమల మొహం చిన్నబోయింది, బాగ లేదా తాతా, అమావాస్యనాడు రొట్టె తిని గాలిలో తేలిపోయిన మా పెదబాపు కథ నాలుక చివర సిద్ధంగా ఉంది, కానీ ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను, మంచిగున్నది బిడ్డా, నాకే తుంప వస్తలేదు, వేళ్లు వంగుతలేవ్.

అయిపోయింది, ఇక కింది హాలే అనుకున్నాను, గీ ముచ్చట కడుపుల వెట్టుకొని ఎండుతున్నవా, నీ పాడుగాను, అని కోమల రొట్టెను ముక్కలు చేసి వేడిపాలలో వేసింది, కావ్య చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసింది, ముడుచుకోని నా పిడికిట్లో అది నిలిచింది, ఎత్తాను, సగం కండువా మీద పడింది, సగం నోట్లో, నా చేత్తోనే, తియ్యగా, మెత్తగా, మంచులాగా, తలెత్తితే జమాలున్నీసా నవ్వడం లేదు, చేతులు కొంగు కింద పెట్టుకుని, ముట్టని పళ్లేన్ని మోచేత్తో ఇటు నెట్టింది, నాది గూడ జర తుంపు బేటీ అన్నది, నా కథలకు ఆమె అందరికంటే గట్టిగా ఎందుకు నవ్వేదో అప్పుడు తెలిసింది, అందరూ నావైపు చూస్తున్నంతసేపూ ఆమె పళ్లెంవైపు ఎవరూ చూడరు.