పేరు వద్దన్న చీటీ

డిగ్రీ పట్టా చేతికొచ్చిన వారమే మా అమ్మతో చెప్పాను, "అమ్మా, నాకు మిషను పనికి పిలుపు వచ్చింది" అని.

ఆఫీసుల్లో నేల తుడిచి నన్ను చదివించిన మనిషి. చేతిలోని గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మిషను కుట్టడానికా నిన్ను డిగ్రీ దాకా చదివించింది? ఆ ముక్క ముందే చెబితే మిషనత్త దగ్గర కూర్చోబెట్టేదాన్ని కదే!"

అది కాదు, సువార్త మిషను, దేవుని పరిచర్య అని విడమరిచి చెప్పాను. "ఎక్కడికి పోవాలి?" అంది. నాకూ తెలియదు. దూరంగా ఎక్కడికో, నా అవసరం ఉన్నచోటికి అనుకునేదాన్ని.

పాస్టర్ గారు నా తొందర చూసి, ముందు ప్రార్థన చీటీల పని అప్పగించారు. మా చర్చి తలుపు పక్కన ఒక రేకు పెట్టె ఉంటుంది. ఎవరి అవసరత వాళ్ళు కాగితం మీద రాసి అందులో వేస్తారు. ఆదివారం ఆరాధన మధ్యలో వాటిని మైకులో చదివితే అందరూ తలలు వంచి ప్రార్థిస్తారు. చదువుకున్న పిల్ల, తడబడకుండా చదువుతుందని పెద్దలు సంతోషించారు. నేను చదివే రోజు మా అమ్మ మొదటి వరసలో కూర్చునేది.

మూడో ఆదివారం ఈ చీటీ వచ్చింది: "ఒక సహోదరి కళ్ళ కోసం ప్రార్థించండి. పేరు వద్దు."

రాత చూడగానే పోల్చుకున్నాను. మిషనత్తది. చర్చి పక్క సందులో ఒక్క గదిలో ఉంటూ బట్టలు కుట్టే ఆవిడ. మాకు చుట్టం కాదు గానీ వీధి మొత్తానికి అత్తే. నా కొలతలు రాసుకున్న కాగితాల మీద ఆ కొక్కేల్లాంటి అక్షరాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కిందటి వారమే ఆమె దారాన్ని సూదికి అటొకసారి, ఇటొకసారి పొడవడం, కుట్టు ఎక్కడుందో వేలితో తడుముకోవడం కూడా చూశాను. నా మనసు చివుక్కుమంది. చర్చి మాటల్లో చెప్పాలంటే, నాకు భారం కలిగింది. ఎవరి కోసమో తెలిస్తే జనం ఇంకా గట్టిగా ప్రార్థిస్తారు కదా అనిపించింది.

"మన మిషనత్తకు కళ్ళు కనిపించడం లేదు. ఆమెను జ్ఞాపకం చేసుకుందాం" అని మైకులో చెప్పేశాను.

చాలామంది ఏడుస్తూ ప్రార్థించారు. ఆమేన్ అన్నాక కూడా వెనక వరసలో కూర్చున్న మిషనత్త తల ఎత్తలేదు. ఇంకా ప్రార్థిస్తోందనుకున్నాను.

సోమవారం పొద్దున్నుంచే ఆమె గదికి జనం వచ్చారు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. "మీకెందుకమ్మా ఈ శ్రమ, కాస్త విశ్రాంతి తీసుకోండి" అంటూ ఇంకా కుట్టని గుడ్డలు పట్టుకుపోయారు. మధ్యాహ్నానికి స్కూలు హెడ్ మేడం వచ్చి, అరవై యూనిఫాం చొక్కాల గుడ్డ ప్యూనుతో మోయించుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఈ సంగతి చెప్పింది మా అమ్మే. చెప్పి, "ఇంకా కూర్చున్నావేం? వెళ్ళు" అంది.

గదిలో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. అలమారా అరలు ఖాళీ.

"వందనాలు అత్తా" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఎవరది, మైకా?"

"క్షమించత్తా. నీ గురించి భారం కలిగి..."

"భారం కలిగితే నువ్వు మొయ్యాలి. నన్ను మోసుకుపోయి నడి చర్చిలో దించుతావా?" ఆమె గొంతు పెంచలేదు. "శుక్లాలు. ఆసుపత్రిలో ఆపరేషనుకు తారీకు ఇచ్చారు. ఇంకా ఐదు వారాలుంది. ఈ ఐదు వారాలూ చేతి అలవాటు మీద నెట్టుకొస్తే చాలని దేవుడికి చెప్పుకున్నాను. ఇప్పుడు స్కూలు పని ఇంకో టైలరు చేతికి పోతే మళ్ళీ నా దగ్గరికి వస్తుందా? కళ్ళొచ్చాక నేను చూసుకునేదేంటి, ఈ ఖాళీ అరలా?"

ఆమె మిషను మీద దుప్పటి సరిచేసింది.

"డిగ్రీ చదివావు. 'పేరు వద్దు' అని రెండే రెండు మాటలు. అవి చదవలేకపోయావా?"

మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేను. ఏదొచ్చినా రాకపోయినా చదవడం మాత్రం వచ్చనుకునేదాన్ని. తల దించుకుని బయటికొచ్చాను.

మర్నాడు పాస్టర్ గారూ బాధపడ్డారు. "వచ్చే ఆదివారం ఆమె కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టి, అందరినీ సాయం అడుగుదామమ్మా" అన్నారు.

"వద్దండి. మళ్ళీ మైకు వద్దు." ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"మరి నువ్వేం చేస్తావు?"

"సూదిలో దారం ఎక్కించగలను. హెడ్ మేడం దగ్గరికి వెళ్ళి అడగగలను."

"నీతో రావాలనే ఉంది. కానీ నేనొస్తే అది చర్చి సిఫారసు అవుతుంది. నువ్వే వెళ్ళు."

హెడ్ మేడం గది కిటికీ కింద మా గుడ్డ మూట అలాగే ఉంది. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

"జాలి లేక కాదమ్మా. కాలరు వంకరపోతే తల్లిదండ్రులు నన్నడుగుతారు."

"ఇన్నేళ్ళలో ఆమె కుట్టిన కాలరు ఎప్పుడైనా వంకరపోయిందా మేడం?"

"లేదు. కళ్ళు కనిపించవని మైకులో చెప్పింది నువ్వే కదా?"

"నేనే. ఆమె వద్దన్నది చెప్పాను. ప్రతి చొక్కా నేను దగ్గరుండి చూసి తెస్తాను. తప్పుంటే నన్నడగండి."

"నీకు కుట్టు వచ్చా?"

"రాదు మేడం. చూడడం వచ్చు."

ఆవిడకు నవ్వొచ్చింది. గుడ్డ సగం మాత్రం ఇచ్చారు. "ముప్ఫై కుట్టి వచ్చే శుక్రవారం చూపించండి. బాగుంటే మిగతావీ ఇస్తాను. లేకపోతే వేరే టైలరుకి వెళ్ళిపోతాయి. అప్పుడు నన్నేమీ అనుకోవద్దు."

మూట తెచ్చి అత్త ముందు పెట్టాను. చేత్తో తడిమి, "సగమే తెచ్చావే" అంది. అని దుప్పటి తీసి మడతపెట్టింది.

పొద్దున ట్యూషన్లు చెప్పుకుని మధ్యాహ్నానికి అక్కడికి చేరేదాన్ని. కొలతలు పైకి చదివేదాన్ని. గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు లావుగా గీస్తే, ఆమె ఎడమచేతి వేలు ముందు నడిపించి కత్తెర వేసేది. పది సూదులకు ఒకేసారి దారాలు ఎక్కించి వరసగా గుచ్చి పెట్టేదాన్ని.

"దారం కొస తడిపి ఎక్కించవే. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఆ వణుకేంటి?"

ఒకరోజు మిషను తొక్కుతూనే అంది, "నీకు మిషను పనికి పిలుపొచ్చిందటగా. మీ అమ్మ చెప్పింది."

"అది వేరే మిషను అత్తా."

"నాకు తెలిసింది ఇదొక్కటే. బాబిన్‌లో దారం అయిపోయినట్టుంది, చూడు."

శుక్రవారం ముప్ఫై చొక్కాలూ తయారయ్యాయి. కాలర్లు, కాజాలు, గుండీలు ఒక్కొక్కటీ చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పి మూట కట్టబోయాను. "ఆగు" అని ఆమె ఒక్కో చొక్కా తన చేతుల మీదుగా పోనిచ్చింది. పదిహేడో దాని దగ్గర ఆగింది.

"ఈ పిల్లాడికి గుండె ఎటువైపుందే?"

జేబు కుడివైపుంది. ముక్క తిరగేసి అందించింది నేనే. కుట్టాక రెండుసార్లు చూసి బాగుందన్నదీ నేనే.

"నా కళ్ళకంటే శుక్లాలు. నీ కళ్ళకేమొచ్చింది?" అని పెద్దగా నవ్వింది. జేబు విప్పి ఎడమవైపు కుట్టింది. గోడ వెంటే వడివడిగా నడిచి, ఆఖరి గంట కొట్టకముందే స్కూల్లో పడ్డాం.

హెడ్ మేడం చొక్కాలు కిటికీ దగ్గర పెట్టి చూశారు. కాలర్లు ఒకదాని మీద ఒకటి పేర్చారు.

"అన్నీ మీరే కుట్టారా?"

"కుట్టింది నేను, చూసింది ఇది. దాని చూపు ఒకచోట తప్పింది. నా కుట్టు తప్పలేదు" అంది అత్త.

ఆవిడ నా వైపు చూసి నవ్వారు. మిగతా గుడ్డ తెమ్మని ప్యూనుని పంపారు.

ఇన్ని రోజులూ అత్త వీధిలో గోడ పట్టుకుని నడిచేదే తప్ప, ఎవరైనా చూస్తారని నన్ను చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. స్కూలు వదిలారు. మెట్ల కింద పిల్లలు, తల్లులు, మా చర్చి వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు. అంతమందిలో ఆమె చెయ్యి చాచి, గుడ్డ మూట మోస్తున్న నా మోచెయ్యి పట్టుకుంది.

"మెట్లెన్ని?"

"నాలుగు."

"లెక్కపెట్టావా, ఊరికే చెప్పావా?"

"లెక్కపెట్టానత్తా."

"అయితే దిగు. మెల్లగా. గుడ్డ నలిగిపోతుంది."