తిరిగొచ్చిన పంపులు

మా మేనమామ ఎవరికీ భయపడడు, ఒక్క కార్ల కంపెనీకి తప్ప. ఇంజన్‌ని చల్లగా ఉంచే నీటి పంపులు ఆయన ఫ్యాక్టరీలో తయారవుతాయి. వాటిని కొనేది ఆ ఒక్క కంపెనీయే. వారంటీలో ఉన్న కారుకి షోరూంలో పంపు మారిస్తే, ఆ ఖర్చు మా దగ్గర రాబట్టుకోవడానికి వాళ్లు క్లెయిమ్ పంపుతారు. మావయ్య దాన్ని చదవను కూడా చదవకుండా సంతకం పెట్టేస్తాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం.

నేను అక్కడ క్వాలిటీ చూస్తాను. వర్కర్లు నన్ను చాటుగా మిరపకాయ అంటారు. చాటుగా ఎందుకో మరి, ఎదురుగా అన్నా నేనేమీ అనుకోను.

ఈసారి వచ్చిన క్లెయిమ్ ఎన్నడూ లేనంత పెద్దది. పైగా కంపెనీ కొత్త కారు తెస్తోంది. దాని పంపు తయారీ మాకిస్తారో లేదో ఇంకా తేల్చలేదు. అది రాకపోతే సగం మెషీన్లు ఆపుకోవాల్సిందే. మావయ్య పెన్ను మూత తీశాడు. నేను కాగితం లాక్కున్నాను.

"ఇలా ఇవ్వవే. పెద్దవాళ్లతో తగువెందుకు? ఊరుకున్నంత ఉత్తమం లేదు."

"బోడిగుండంత సుఖం లేదు. అది కూడా అను. ఇలా సంతకాలు పెడుతూ పోతే చివరికి మనకి మిగిలేది గుండే. పాడైన పంపులు చూపించమని ఎప్పుడైనా అడిగావా?"

"అడిగితే ఏమనుకుంటారో!"

"ఒప్పందంలోనే ఉంది మావయ్యా. కొన్ని పంపులు తెప్పించి ఇద్దరం కలిసి చూడాలి. వాటిలో ఎన్ని మన తప్పో, మొత్తం ఖర్చులో అంత వాటా మనది."

ఆయన నసుగుతూనే ఉన్నాడు, నేను అడిగేశాను. ఇరవై పంపులున్న చెక్కపెట్టె వచ్చింది. వెనకాలే వాళ్ల ఇంజనీరు వస్తున్నారని కబురు.

మూత ఊడదీయగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపల నీళ్లని ఆపే సీలు పాడైతే అవి అక్కణ్ణుంచే కారాలి. చాలా పంపులకి ఆ రంధ్రం శుభ్రంగా ఉంది. మరక మాత్రం పైన గొట్టం తగిలించే చోటి నుంచి కిందికి దిగింది. కారింది గొట్టం, మార్చింది పంపు! నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూస్తే ఒక్క చుక్క కారలేదు. ఇంజనీరుగారిని ఏమేం అడగాలో అప్పుడే మనసులో నూరిపెట్టుకోవడం మొదలుపెట్టాను.

అడుగున ఉన్న ఐదు మాత్రం కారాయి. విప్పి చూస్తే సీలు కూర్చునే చోట సన్నటి గీత. ఐదింటికీ ఒకే చోట, ఒకే వాలుగా. అది రోడ్డు మీద పడే గీత కాదు, మెషీను మీద పంపుని పట్టి ఉంచే మా క్లాంపు గీసింది. కొత్త సరుకు తీసి చూశాను. అందులోనూ కొన్నింటికి ఉంది. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ డబ్బు కట్టేసి నోరు మూసుకున్నాం కాబట్టి పెట్టె విప్పే పనే పడలేదు. విప్పలేదు కాబట్టి గీత పడుతూనే ఉంది.

మావయ్య దాన్ని గోటితో తడిమి చూసి, తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించాడు.

"పోనీ, మొత్తం ఒప్పేసుకుందామే. ఈ సంగతి తెలిస్తే కొత్త పంపు ఇవ్వరు."

"మనది కానిది ఒప్పుకోను, మనది దాచను. నువ్వు పక్కన కూర్చో చాలు."

వచ్చినాయన నెరిసిన జుట్టు పెద్దమనిషి, నవ్వని రకం. మరకలు చూపించాను. పంపుల్ని ఒక్కొక్కటే తన చేత్తో పరీక్షించి, కారడం లేదని తల పంకించారు. ఆయన అడక్కముందే ఆ ఐదూ ముందుకి జరిపాను.

"ఇవి మావి సార్. ఈ గీత మా క్లాంపు వల్ల పడింది."

బల్ల కింద మావయ్య నా కాలు తొక్కాడు. ఇంజనీరుగారు కళ్లజోడు తీసి, నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగారు.

"ఏమీ అనుకోకండి. కొత్త పంపు మీకివ్వొద్దని మావాళ్లు దాదాపు నిర్ణయించేశారు."

"కారుతున్నాయనేగా?" అన్నాడు మావయ్య.

"కారినందుక్కాదండీ. మేం ఏది పంపినా మీరు ఒప్పేసుకుంటారు. ఒక్క ప్రశ్న వేయరు. తన పంపు సంగతి తనకే తెలియని మనిషికి కొత్తది ఎలా అప్పజెప్పాలి అనుకున్నాం."

ఎవరి మెప్పు కోసం మావయ్య ఇన్నాళ్లూ తలూపాడో, వాళ్ల దగ్గరే ఆ తలూపడం ఆయన కొంప ముంచబోయింది. అంతవరకూ ఆయన మీదున్న కోపమంతా పోయి జాలేసింది.

"మరి ఇప్పుడు?" అన్నాను నేనే.

"ఆ క్లాంపు చూపించండి. సరిచేస్తే మీ తరఫున నేను మాట్లాడతాను."

నేను లేచాను. మావయ్య నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"మెషీను నాది, తప్పూ నాదే. నేనే చూపిస్తాను, రండి," అని ముందుకి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇంజనీరుగారిని కింది నుంచి పైదాకా చూశాడు. "అది సరే సార్, గొట్టం కారితే మీ షోరూం వాళ్లు పంపెందుకు మారుస్తున్నారు?"

కార్ల కంపెనీ మనిషిని మా మావయ్య నిలదీయడం, నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.