పన్ను తక్కువ ఊళ్ళో మధ్యాహ్నం

కాస్పర్ పట్టిక వేశాడంటే ఇక ఆ విషయం తేలిపోయినట్టే అని అతని నమ్మకం. పెళ్ళికి ముందు కారు కొనడానికి పట్టిక వేశాడు. పెళ్ళయ్యాక పరుపు కొనడానికి వేశాడు. ఇప్పుడు ఏకంగా ఊళ్ళకే వేశాడు.

జ్యూరిక్‌లో వాళ్ళు పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న భవనాన్ని పడగొట్టి కొత్తది కడతామని యజమానులు ఉత్తరం పంపారు. సెప్టెంబరు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. నగరంలో ఆ అద్దెకు మళ్ళీ ఇల్లు దొరకడం కల్ల. అందుకని కాస్పర్ చుట్టుపక్కల ముప్పై నాలుగు ఊళ్ళ పేర్లు వరసగా రాసుకున్నాడు. ఏ ఊళ్ళో పన్ను ఎంత శాతం, బడిలో తరగతికి ఎంతమంది పిల్లలు, వాళ్ళలో ఎందరు పైచదువుల పరీక్ష గట్టెక్కుతున్నారు, రైలెక్కితే నగరానికి ఎన్ని నిమిషాలు, అన్నీ నింపుకుంటూ పోయాడు. నెల తిరిగేసరికి ముప్పై రెండు ఊళ్ళు రాలిపోయి రెండు మిగిలాయి.

ఒకటి బ్రున్‌విల్. స్టేషను వెనకాల సిమెంటు గోదాములు, తరగతికి ఇరవై ముగ్గురు పిల్లలు, పన్ను నగరం కన్నా కాస్త ఎక్కువే. రెండోది పక్క కాంటన్‌లో, అంటే పక్క రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున ఉన్న ఫాల్కెన్‌రీడ్. తరగతికి పదహారుమందే. పన్నేమో ఇంచుమించు సగం. కాస్పర్ ఆ పేరు పలికేటప్పుడు గొంతులో తేనె ఊరేది.

"డిసెంబరు ముప్పై ఒకటిన ఎక్కడుంటే ఏడాదంతటికీ అక్కడి పన్నే" అన్నాడు భార్యతో. "మనం సెప్టెంబర్లో వెళ్ళినా జనవరి నుంచీ అక్కడున్నట్టే లెక్క. తెలుసా?"

"తెలుసు. నాలుగోసారి చెప్తున్నావు" అంది ఊర్సినా, బూట్లు విప్పుకుంటూ.

ఊర్సినా ట్రామ్ నడుపుతుంది. పిల్లలు పుట్టినప్పుడు ఐదేళ్ళు మానేసి, మళ్ళీ శిక్షణకు వెళ్ళి, కుర్రాళ్ళతో పాటు మళ్ళీ పరీక్ష రాసి ఎక్కిన ఉద్యోగం. అందరికీ అది ఓ బండి తోలడమే. ఆమెకు మాత్రం ఆ సీట్లో కూర్చుంటే తను తనలా ఉన్నట్టుండేది. కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణ ఇచ్చే పని తీసుకుంటారా అని డిపో నుంచి ఈమధ్యే ఉత్తరం వచ్చింది. దాన్ని ఆమె రెండు వారాలుగా సంచీలో పెట్టుకు తిరుగుతోంది. ఇల్లు తేలాక జవాబిద్దామని.

ఓ గురువారం సెలవు పెట్టి ఇద్దరూ ఫాల్కెన్‌రీడ్ చూడటానికి వెళ్ళారు. ఇల్లు చూపించే కుర్రవాడు మర్యాదస్తుడు, ప్రతి గదిలోనూ వెలుతురు గురించి మాట్లాడాడు. వంటింట్లో నిజంగానే వెలుతురు బాగుంది. వాళ్ళు బయటికొచ్చి బడివైపు నడుస్తుండగా, పన్నెండుకు పది నిమిషాలుందనగా బడి గంట మోగింది.

గేట్లోంచి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. చిన్నవాళ్ళ మెడల్లో బండ్లవాళ్ళకు కనబడేలా నారింజ రంగు పట్టీలు. ఏ సందు పిల్లలు ఆ సందులోకి విడిపోయారు. ఒక్కో ఇంటి తలుపూ తెరుచుకుంది, ఒక్కో గడపలోనూ ఓ ఆడమనిషి నిలబడింది. వెన్నలో వేగుతున్న ఉల్లిపాయల వాసన వీధంతా కమ్మింది. ఐదు నిమిషాల్లో వీధి ఖాళీ. రొట్టెల కొట్టువాడు కూడా తలుపు వేసుకున్నాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూశారా" అన్నాడు ఇల్లు చూపించే కుర్రవాడు.

"ఆహా" అన్నాడు కాస్పర్.

"ఈ పిల్లలంతా ఎక్కడికి?" అనడిగింది ఊర్సినా.

"ఇళ్ళకండీ. భోజనానికి. ఒంటిగంటన్నరకు మళ్ళీ వస్తారు."

"రోజూనా?"

"రోజూ. బుధవారం మాత్రం మధ్యాహ్నం నుంచి సెలవు."

నగరంలో పిల్లలు బడిలోనే తింటారు, సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. నాలుగేళ్ళుగా అలవాటైపోయి, వేరే ఊళ్ళో వేరేలా ఉంటుందన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. ముప్పై నాలుగు ఊళ్ళ పట్టికలో ఎక్కడా పిల్లల మధ్యాహ్నం భోజనం లేదు. తిండి దానంతటదే వచ్చి బల్ల మీద కూర్చుంటుందనుకున్నారు కాబోలు.

ప్రధానోపాధ్యాయురాలు ఎట్టర్ గారు నెరిసిన జుట్టు, సూటి మాట ఉన్న మనిషి. బళ్ళోకి వెళ్ళి ఊర్సినా ఆవిణ్ణి మధ్యాహ్నం భోజనం సంగతే అడిగింది.

"ఇంట్లో ఎవరూ లేని పిల్లలకు మంగళవారం, గురువారం పాస్టరుగారింట్లో భోజనం పెడతామమ్మా" అంది ఎట్టర్. "పన్నెండు కుర్చీలు. రెండేళ్ళ దాకా ఖాళీ లేవు. ఇంకా పెంచుదామని ఊరి సభలో రెండుసార్లు అడిగాం. పన్ను పెరుగుతుందని ఎవరూ చెయ్యెత్తలేదు."

"మళ్ళీ అడగొచ్చుగా?"

"మీలాంటివాళ్ళు నలుగురు వచ్చి అడిగితే బాగానే ఉంటుంది. కానీ మీలాంటివాళ్ళు ఇక్కడికి వచ్చేది పన్ను తక్కువనే కదా?"

కాస్పర్ గోడ మీది టైంటేబుల్‌ని మహా శ్రద్ధగా చదవసాగాడు.

తిరుగు రైల్లో ఊర్సినా ఊరుకోలేదు. "మధ్యాహ్నం ఇంటి దగ్గర ఎవరుంటారు?"

"ఏదో ఒకటి చూసుకుందాంలే."

"చూసుకుందాం అంటే ఎవరు చూసుకోవాలి?"

"నువ్వు షిఫ్టులు తగ్గించుకోవచ్చు కదా ఊర్సీ. పొద్దున పూట మాత్రం..."

"పదకొండింటికి ట్రామ్‌ని రోడ్డు మధ్యలో ఆపేసి, జనాన్ని దింపేసి, రైలెక్కి వచ్చి బంగాళాదుంపలు వేయించమంటావా?"

ఎదురు సీట్లో ముసలాయన పేపరు వెనక దగ్గినట్టు నవ్వాడు.

"ఏడాదికి పన్నెండు వేల ఫ్రాంకులు మిగులుతాయి" అన్నాడు కాస్పర్ గొంతు తగ్గించి.

"నా జీతం పోతే?"

"నీ జీతం పోతే పన్ను ఇంకా తగ్గుతుంది" అనేశాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

ఊర్సినాకు ఒళ్ళు మండిపోయింది. మూడు స్టేషన్ల దాకా కిటికీలోంచి బయటికే చూసింది. చెడ్డవాడు కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. పిల్లలకు గోళ్ళు కత్తిరించేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది అతనే. అయినా ఆమె ఉద్యోగాన్ని అలవోకగా కొట్టిపారేశాడు. అదీ ఆమె కష్టం.

నాలుగో స్టేషను వచ్చేసరికి ఆమె ఓ నిశ్చయానికి వచ్చింది. ఆ దేశంలో పిల్లలు ఏ పని నేర్చుకోబోయినా ముందు ఓ వారం ఆ పనిచోటికి వెళ్ళి చేసి చూస్తారు. వాసన చూడటమంటారు దాన్ని. కాస్పర్ కూడా పద్నాలుగో ఏట రొట్టెల బట్టీలో వారం వాసన చూసి, తెల్లవారుజామున మూడింటికి లేవడం తనవల్ల కాదని బీమా కంపెనీ వైపు తిరిగినవాడే.

"నువ్వో వారం వాసన చూడు" అంది.

"దేన్ని?"

"ఫాల్కెన్‌రీడ్‌ని. వచ్చే వారం పిల్లలకు బడిలో భోజనం వద్దని రాసిస్తాను. బడయ్యాక వాళ్ళక్కడ ఉండరు కూడా. ఆ ఊళ్ళోలాగే పన్నెండుకు పది నిమిషాల ముందు బడి వదలగానే ఇంటికొస్తారు, ఒంటిగంటన్నరకు వెళ్తారు, మూడుంబావుకు మళ్ళీ వస్తారు. నువ్వు ఇంటి నుంచే పని చేసుకో. నేను వేలు కూడా పెట్టను."

"ఓస్, అంతేనా" అన్నాడు కాస్పర్. "అరగంట పని."

సోమవారం అతను నూడుల్స్ ఉడకబెట్టాడు. ఆఫీసు సమావేశం పన్నెండు దాకా సాగింది. నీళ్ళు పొంగిపోయి పొయ్యి ఆరిన సంగతి ఆరేళ్ళ బాల్జ్ వచ్చి కెమెరా ముందే చెప్పాడు, ఎనిమిదిమంది విన్నారు. మంగళవారం బాల్జ్ ఉల్లిపాయ ముట్టనన్నాడు, ఎనిమిదేళ్ళ ఫ్లురీనా ఉల్లిపాయ లేనిదే తిననంది. ఒంటిగంటన్నరకు ఇద్దరినీ పంపి కూర్చుంటే, మర్చిపోయిన వేణువు కోసం ఫ్లురీనా వెనక్కి వచ్చింది. ఆమె వెళ్ళి, గిన్నెలు కడిగి, అతను తెరచిన పత్రంలో రెండో పేజీకి వచ్చేసరికి మూడుంబావైంది.

సాయంత్రం ఊర్సినా కాళ్ళు బారజాపుకుని పేపరు చదువుకుంది.

"ఉప్పు డబ్బా ఎక్కడుంది?"

"ఉండాల్సిన చోటే ఉంది."

బుధవారం మధ్యాహ్నం సెలవు కదా, బాల్జ్ ఇద్దరు స్నేహితులను కూడా వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళలో ఒకడు పాల మీగడ తింటే వాంతి చేసుకుంటాడట. ఆ సంగతి తిన్నాక చెప్పాడు. కాస్పర్ తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రాత్రి సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. గురువారం అసలు నోరే మెదపలేదు. అతనిలా మాటా పలుకూ లేకుండా ఉండటం ఊర్సినా ఎప్పుడూ చూడలేదు. అడగబోయి మానుకుంది. వేలు పెట్టనని మాటిచ్చింది కదా.

గురువారమే ఫాల్కెన్‌రీడ్ నుంచి కబురొచ్చింది. ఇల్లు కావాలో వద్దో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పాలి, వరసలో ఇంకో ఆరుగురున్నారు.

"నువ్వే చెప్పు" అంది ఊర్సినా. "నేను అప్పుడు బండి మీద ఉంటాను, ఫోను ముట్టుకోకూడదు."

అతను సరేనంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. అద్దె పత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. తను పెట్టదు. అరిచినా, అలిగినా, అత్తగారితో చెప్పించినా పెట్టదు.

శుక్రవారం ఆమె ట్రామ్ చివరి స్టాపుకు చేరేసరికి పన్నెండూ తొమ్మిది. తిరిగి బయల్దేరడానికి ఆరు నిమిషాలు. దిగి చూస్తే బెంచీ మీద కాస్పర్, అటొకరూ ఇటొకరూ బడి నుంచి నేరుగా తీసుకొచ్చిన పిల్లలు, మధ్యలో తువ్వాలు చుట్టిన గిన్నె. పిల్లలు అప్పటికే పళ్ళేల్లో తలలు పెట్టి తింటున్నారు. బంగాళాదుంపలు, జున్ను వేసిన మాకరోనీ. ఉల్లిపాయలు వేరే డబ్బాలో ఉన్నాయి. ఈ మనిషి ఐదు రోజుల్లో అంతమాత్రం నేర్చుకున్నాడు.

"పదకొండింటికే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను" అన్నాడు కాస్పర్. "బ్రున్‌విల్‌కి కావాలని రాశాను. అక్కడ పిల్లలు బడిలోనే తింటారట, కనుక్కున్నాను."

ఊర్సినా బెంచీ అంచున కూర్చుంది. "నా కోసమా?"

"నీ కోసం అన్నాననుకో, నువ్వు ఊరుకోవు. ఇంకో వారం ఇలా చేస్తే నా ఉద్యోగం పోతుంది, అదొకటి." పళ్ళెంలో ఆమెకు వడ్డించాడు. "బుధవారం మాకరోనీలో పాలెప్పుడు పొయ్యాలో అడుగుదామని అమ్మకు ఫోన్ చేశాను. చెప్పింది. పిల్లలు ఎన్నింటికొస్తారని అడిగింది. పన్నెండుకు పది నిమిషాల ముందు అన్నాను. ఆ మాట వినగానే తన సంగతి చెప్పడం మొదలెట్టింది. మా అమ్మ గడియారాల కర్మాగారంలో పనిచేసిందట ఊర్సీ. ముళ్ళు బిగించేదట. ఆ వరసలో అమ్మంత వేగంగా ఎవరి చెయ్యీ ఆడేది కాదట, వరస మొత్తానికీ పెద్దని చేస్తామన్నారట. నాకు నలభై రెండేళ్ళు. ఆ సంగతి నాకు తెలీదు."

"ఎందుకు మానేసిందట?"

"నేనూ అదే అడిగాను. 'నువ్వు పన్నెండింటికి ఇంటికొచ్చేవాడివి కదరా' అంది. కోపంగా కూడా అనలేదు. మానతావా అని నిన్నెవరైనా అడిగారా అమ్మా అంటే, 'అడిగేదేముంది' అంది."

హెడ్విగ్ అత్తగారి చేతులు ఊర్సినాకు గుర్తొచ్చాయి. సన్నటివి, ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతుండేవి. ఆవిడ మీద జాలి, ఆ వెనకే ఎవరి మీదో తెలియని కోపం వచ్చాయి. పళ్ళెంలోది గబగబా తినేసింది. పాలు సరిగ్గానే పడ్డాయి.

ఇంకో నిమిషంన్నర ఉంది. "శిక్షణ ఇచ్చే పనికి ఒప్పుకున్నాను" అంది. "బుధవారమే ఉత్తరం డబ్బాలో వేశాను."

కాస్పర్ తలెత్తాడు. "ఇల్లు తేలకముందేనా? నన్ను అడక్కుండానే?"

"అడక్కుండానే."

కాస్పర్ ఆమె వైపు చూశాడు. అతని ముఖంలో కాసేపు ఏదో అటూ ఇటూ అయింది. తర్వాత ఆమె చేతిలోంచి ఖాళీ పళ్ళెం అందుకున్నాడు.

"మంచిపని చేశావు" అన్నాడు. "పద, బండి ఆలస్యమవుతుంది."

ఊర్సినా ఎక్కి, తలుపులు మూసి, పన్నెండుంబావుకు బండి కదిలించింది.