అనురాధ బొటనవేలు

"నీళ్లు తక్కువ తాగరాదే, గీ తక్లీబు తప్పుతది," అన్నది అత్త వెంకటవ్వ, అనురాధ తడిసిన బొంత పిండుతుంటే. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ అన్నది.

మగ్గాల పనికి తెలుగువాళ్లు వలస వచ్చిన గుజరాత్ గోడాదరాలో ఆ గల్లీ ఆడవాళ్లంతా ఇంట్లోనే చీరెల మీద మెరుపు రాళ్లు అంటిస్తారు. మూడో కాన్పయిన పన్నెండో రోజే అనురాధ ఆ చీరెల మూట ముందేసుకుని కూర్చుంది. ఈ ఒక్క చీర అయ్యాక లేస్తాను, ఇంకొక్కటి అయ్యాక లేస్తాను అని ఏళ్లకేళ్లు మూత్రం బిగబట్టింది. ఇప్పుడు నల్లా చప్పుడు వింటే చాలు, బాత్రూం గొళ్లెం తీసేలోపే చీర తడిసిపోతుంది. దేవుని అర్ర దగ్గరికి రావద్దన్నది అత్త. నలుగురిలో కూర్చోవడం తనే మానుకుంది. "పిల్లలు పుట్టినంక అందరికీ ఉంటది. నువ్వొక్కదానివే దునియాకు చాటింపేస్తవు," అన్నాడు మగ్గాల కార్ఖానాలో పనిచేసే మొగుడు సదానందం.

చివరికి ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి గుజరాతీ నర్సు చేతిలో పట్టేంత మిషన్ ఇచ్చి, దాని వైర్లకున్న రెండు జిగురు అట్టలు చీలమండ లోపలివైపు అంటించి చూపించింది. రోజూ అర్ధగంట, పన్నెండు వారాలు. "కరెంటు పెంచుతూ పో. బొటనవేలు దానంతటదే ఆడితే, మూత్రసంచిని అదుపు చేసే నరం దొరికినట్టు. డరో మత్, బెన్," అన్నది చెల్లెల్ని పిలిచినట్టు.

భయపడకుండా ఎట్లా ఉంటుంది? అరికాల్లో చీమలు పాకినట్టయి, వేలు ముడుచుకుని విచ్చుకుంది. తను ఆడించలేదు. ఎవరు పిలిచినా పరుగెత్తిన కాలు ఇన్నేళ్లకు తన మాట కూడా వినకుండా, లోపల ఇంకెవరికో జవాబు చెబుతున్నట్టుంది.

తొమ్మిది రోజులైనా అర్ధగంట నిండలేదు. ఒకరికి చాయ్, ఒకరికి టిఫిన్ డబ్బా, మూటల మనిషి కేక. "రేపు మిషిని వాపస్ ఇచ్చెయ్. నువ్వు కాళ్లు జాపుకోని కూసుంటే ఇల్లెట్ల నడుస్తది?" అన్నాడు సదానందం రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకోబోతూ.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. గోడ అవతల కరెంటు మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఎప్పుడూ వణికే గిన్నెలు కదలకుండా నిలబడ్డాయి. మిషన్‌ది బ్యాటరీ. కుచ్చిళ్ల కింద అట్టలు దాచుకుని కూర్చున్న అనురాధకు ఆ నిశ్శబ్దంలో వేలు నేలను తడుతున్న చప్పుడు వినిపించింది. లోపలినుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు.

మగ్గాల మోతలో నిద్రపోయే సదానందం ఆ మోత ఆగేసరికి లేచి కూర్చున్నాడు. వాసనంటూ ఆ మూలకే రాని వెంకటవ్వ చప్పుడు విని వచ్చి గడపలో ఆగిపోయింది. వైర్లు ఆమెకు కనబడలేదు, వేలే కనబడింది. ఊళ్లో ఎల్లమ్మ ఒంటి మీదికి వచ్చేటప్పుడు ముందు కాలే వణుకుతుంది.

"తల్లీ!" అని చేతులు జోడించింది. "ఏం తప్పు జేసినం? ఏం గావాలె నీకు?"

ఆ ఇంట్లో ఆ మాట అనురాధను ఎవరూ అడగలేదు. ఇప్పుడు యాటను కోరినా తెచ్చి కోస్తారు. గొంతులో ఏదో బరువుగా పైకి లేచింది, తనది కాని గొంతు. జుట్టు విప్పి ఒక్క ఊపు ఊగితే చాలు.

ఊగలేదు. కుచ్చిళ్లు పైకి జరిపి వైర్లు చూపించింది. "అమ్మవారు గాదు అత్తమ్మా, మిషిని. ఇగో, బంద్ జేస్తున్న."

మీట నొక్కింది. ఎర్రదీపం ఆరింది.

వేలు ఆగలేదు.

ముగ్గురూ దాన్నే చూశారు. సదానందం గోడకు జరిగాడు. వెంకటవ్వ గొంతు పీలగా వచ్చింది. "ఎవరు తల్లీ నువ్వు?"

అది ఎందుకు ఆడుతుందో అనురాధకూ తెలియలేదు. అయినా కాలు వెనక్కి తీసుకోలేదు.

"అనురాధను," అన్నది. "మిషిని వాపస్ పోదు. రోజు అర్ధగంట నన్నెవ్వరు లేపొద్దు."

వెంకటవ్వ జోడించిన చేతులు దించలేదు.