ఎంగిలాకులెత్తిన పెండ్లికూతురు

సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు ముగిసేసరికి చర్చి ముందర వందకు పైగా విస్తర్లు పడి ఉన్నాయి. ఎండకు సంగటి అట్టలు కట్టింది. కోడి పులుసు మీద ఈగలు ముసిరాయి. నమిలి ఉమ్మిన ఎముకలు, ముక్కు చీది వేసిన కాగితాలు ఆ ఆకుల్లోనే. మధులత ఒకసారి ముఖం పక్కకు తిప్పుకుంది. అయినా కుచ్చిళ్లు దోపుకుని గంప అందుకుంది.

పెళ్లయి ఇరవై రోజులు. ఇవాళ డ్యూటీకి వెళ్తూ భర్త ఏసేపు గేటు దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. దానికీ, అత్తగారింటి మల్లెతీగకు వచ్చిన ఒక్క మొగ్గకూ ఆమెకు పొద్దుటి నుంచి నవ్వు ఆగడం లేదు.

ఇంత సంతోషం తనకు రావలసింది కాదని ఆమెకు తెలుసు. డిగ్రీ చదివేటప్పుడు కర్నూలు హాస్టల్లో స్నేహితురాలి వెండి పట్టీలు దొంగిలించింది. నింద పనిమనిషి మీద పడితే మూడు రోజులు నోరు మెదపలేదు. చివరికి ఏడుస్తూ చెప్పుకుంటే, ఆ పనిమనిషే దగ్గరికి తీసుకుని తన గిన్నెలో అన్నం కలిపి తినిపించింది. ఆ ముద్ద మింగిన రోజే కృప అంటే ఏమిటో అర్థమైంది. అప్పటినుంచి ఎవరూ ముట్టని పని కనిపిస్తే ఆమె చేతులు ఊరుకోవు.

అవతలి వరసలో ఆకులెత్తుతున్న భువన నడుం నిలబెట్టి చూసింది.

"ఏమ్మే కొత్త పెండ్లికూతురా, నువ్వేం చేసినావు?"

"ఏం లేదక్కా. ఊరికే ఎత్తుతాండా."

"ఈ రోత ఊరికే ఎవురెత్తుతారు? మా చెల్లెలి గృహప్రవేశంలో ప్రసాదం తిన్నానని నాకు ఆర్నెల్లు ఈ శిక్ష ఏసినారు. అంతవరకూ ప్రభువు బల్ల కాడికి రానీరు, రొట్టె ద్రాక్షారసం ఇయ్యరు. ఈ చర్చిలో ఎంగిలాకు ముట్టినోళ్లంటే తప్పు చేసినోళ్లే."

మధులత చెయ్యి ఆగిపోయింది. అప్పటికే షామియానా కింద గుసగుసలు లేచాయి.

"పెండ్లయి నెల కాలే, అప్పుడే ఏం ముంచిందో!"

"ఏసేపుకు తెలుసో లేదో పాపం."

అత్త శాంతమ్మ ముఖం నల్లబడింది. సంఘ పెద్ద యోబయ్య వేపపుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. పంటిలోంచి ఊడిన ముక్కను మధులత ముందున్న ఆకులోకి తుపుక్కున ఉమ్మాడు.

"గంప ఆడ పెట్టి, తెలీక చేసినానను పిల్లా. లేదంటే ఏం పాపమో ఒప్పుకో. అంతవరకూ సాయంత్రం రొట్టె ముట్టేది లేదు."

ఒక్క మాటతో పరువు దక్కుతుంది. మధులత ఆ ఉమ్మి వైపు చూసింది. గొంతులోకి ఎగదన్నిన అసహ్యం ఆకుల మీద కాదు.

"దొంగతనం చేసినా పెద్దాయనా. హాస్టల్లో, స్నేహితురాలి పట్టీలు. దేవుడు ఎప్పుడో క్షమించినాడు. ఆ సంతోషానికే ఎత్తుతాండా."

షామియానా కింద ఎవరో "అయ్యో" అన్నారు. శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

యోబయ్య ఎగతాళిగా నవ్వాడు. "క్షమించినాక ఎత్తేదెందుకు?"

"నేనూ అదే అడుగుతాండా. దేవుడు క్షమించినాక భువనక్క ఎందుకు ఎత్తుతాండాది?"

భువన తన గంప వైపు కాసేపు చూసింది. దాన్ని కింద పెట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచింది. యోబయ్య పిలిచినా వెనక్కి తిరగలేదు.

"పిల్లా, నీకూ ఈ పొద్దు బల్ల లేదు!" అని అరిచి ఆయన లోపలికి పోయాడు.

రొట్టె లేదన్న మాట మధులతకు చురుక్కుమంది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు పులుసు కంపు. మళ్లీ వంగింది. నమిలిన కండ ముక్కలో బొటనవేలు మెత్తగా దిగబడింది.

"థూ!" అంది. అని తనే ఫక్కున నవ్వింది.

"నవ్వుతావే? పరువంతా తీసినావు గదమ్మే!" వెనకనుంచి శాంతమ్మ. ముక్కుకు కొంగు కట్టుకుని వచ్చి పక్క వరసలో కూర్చుంది. రెండు వేళ్లతో ఒక ఆకు కొస పట్టుకుని, పామును లాగినట్టు లాగింది.

"ఛీ ఛీ, మనుషులు తిన్నారా పందులు తిన్నాయా... ఆ పట్టీలు ఎనక్కిచ్చినావా?"

"ఇచ్చినా అత్తా."

"మరింకేం. గంప ఇట్ల జరుపు."