నిలువునా కోసిన రోజా

అన్న పెంచిన కొత్త రోజా మొక్క ఆ ఏడు ఒక్కటే పువ్వు పూసింది. లేత పసుపు రేకులు, అంచున ఆకుపచ్చ జీర. మర్నాడు పూలపోటీ. అందాకా కంటికి రెప్పలా కాచాడు. "నన్నెప్పుడైనా అంతసేపు చూశారా?" అని వదిన ఎత్తిపొడిచినా చెవిన పెట్టలేదు.

పోటీకి ముందురోజు పొద్దున్నే కుండీని చెల్లెలి గదిలో పెట్టి, బొమ్మ వెయ్యమని చెప్పి వెళ్లాడు. మొక్కల పుస్తకాలకు బొమ్మలు వేయడమే ఆమె బతుకుతెరువు. ముళ్లు, ఆకుల రంపపు అంచులు, రేకుల మడతలు ఉన్నవి ఉన్నట్టు వేసింది. ఆమె పనిలో పై రూపం పూర్తయ్యాక పువ్వును తుంచి, బ్లేడుతో నిలువునా కోసి, లోపలి కేసరాలు కూడా వేయాలి. అవి లేని బొమ్మను పుస్తకాల వాళ్లు ముట్టుకోరు. ఏళ్లనాటి అలవాటున చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రెండు ముక్కలూ పళ్లెంలో పడ్డాక గాని ఆమెకు పోటీ గుర్తురాలేదు.

అప్పుడే అన్న లోపలికొచ్చాడు. పళ్లెం చూశాడు. జుట్టు పట్టి ఆమె ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కు చిట్లింది. నెత్తురు బొమ్మ మీద పడకుండా ఆమె తల పక్కకు తిప్పుకుంది.

"పొరపాటైంది అన్నా. చెయ్యి అలవాటున పోయింది."

"ఆ చెయ్యే లేకుండా చేస్తా."

కుడిచేతిని బల్లకు అదిమి, కొమ్మలు కత్తిరించే కత్తెరలో బొటనవేలు ఇరికించాడు. తోలు తెగింది. ఆమె ఎడమచేత్తో తడుముకుంటూ బ్లేడు అందుకుని అతని ముంజేతి మీద బలంగా గీసింది. అతను పట్టు వదలగానే నీళ్ల కూజాతో దవడ పగలగొట్టి, గడప అవతలికి నెట్టి గడియ వేసింది.

బయట అన్న తలుపు తన్నుతున్నాడు. వదిన అడ్డుపడ్డట్టుంది, గోడకు ఏదో మెత్తగా కొట్టుకున్న చప్పుడైంది.

"తియ్యకు అమ్మాయ్. మీ అన్న మనిషిలా లేడు" అంది వదిన రొప్పుతూ.

పువ్వు ఎలాగూ పోయింది. బొమ్మ కూడా సగంలో ఆగితే అలాంటి రోజా ఒకటి పూసిందని చెప్పడానికి ఏమీ మిగలదు. అప్పటికే ముక్కల అంచులు గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఆమె బొటనవేలికి పైటచెంగు చుట్టి, కుంచెను మిగతా వేళ్ల సందున బిగించి పట్టుకుంది. మొదటి కేసరం వంకర పోయింది. రెండోది నిలిచింది.

గడియ ఊడింది. తలుపు లోపలికి ఒరిగింది. ఇంకా నాలుగు కేసరాలున్నాయి. ఆమె తల ఎత్తలేదు.