ఒలిచి పోసిన మాత్రలు

మస్కట్‌లో క్రేను నడిపే త్రినాధరావు సెలవు ముగించుకుని వెళ్లేటప్పుడు, అతని కొలెస్ట్రాల్ మాత్రలన్నీ భార్య మరిడమ్మే అట్టల్లోంచి ఒలిచి సీసాలో పోసింది. అట్టల అంచులు గీసుకుని ఆవకాయ కవరు చిరుగుతుందని ఆమె భయం. ఇప్పుడు సీసా ఖాళీ అవుతోంది. డాక్టరు చీటీ ఎప్పుడో పోయింది. పేరు తెలియందే మందు రాయనని అక్కడి డాక్టరు అన్నాడట. ఆ సంగతి ఫోనులో వినగానే మరిడమ్మ చేస్తున్న పని వదిలేసి ఎస్. రాయవరంలో బస్సెక్కింది.

అనకాపల్లిలో మందుల షాపతన్ని అడిగింది. "తెల్లటి మాత్ర బాబూ, గుండ్రంగా ఉంటాది."

"నా షాపు నిండా తెల్లయే అప్పా! రాసిన డాక్టర్నే అడుగు."

డాక్టరు పాత కాగితాలు తిరగేసి, కంపెనీ పెట్టిన పేరుతో మస్కట్‌లో దొరక్కపోవచ్చని, అసలు మందు పేరే తెలుగులో రాసిచ్చాడు. తిరుగు బస్సులో ఆమె దాన్ని చదువుకుంటూనే ఉంది.

సాయంత్రం ఫోనులో కూడబలుక్కుని చెప్పింది. "అటోర్వాస్టాటిన్. పది మిల్లీగ్రాములు."

"అబ్బో, మా ఆవిడ డాక్టరైపోనాది!" త్రినాధరావు నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. "ఆ మస్కట్ డాక్టరు తిట్టేడా మావా? అట్టలు పారేసిందెవులని అడిగేడా?"

"అడిగేడు. నేనే పారేసేనని సెప్పేను."

"అబద్దం ఎందుకాడేవు?"

"ఆయనకి నువ్వేటో తెల్దు గదా. నిన్నొక మాటంటే ఊరుకోగలనేటి?"

మరిడమ్మ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. "రేపే కొనుక్కో, కొన్నాక ఫోన్ సెయ్యి" అని మాత్రం అంది.